హైగెన్స్: గుండ్రంగా తిరిగేవాటి లెక్క

వృత్తాకార చలనం పాఠం రాగానే మనమంతా ఒక సూత్రం బట్టీ పడతాం. వడిని వర్గం చేసి వ్యాసార్థంతో భాగిస్తే అభికేంద్ర త్వరణం వస్తుంది. పుస్తకంలో ఆ సూత్రం పక్కన ఎవరి పేరూ కనిపించదు. ఉండవలసిన పేరు క్రిస్టియాన్ హైగెన్స్.

ఆయన 1629 ఏప్రిల్ 14న హాలండ్‌లోని హేగ్ నగరంలో పుట్టారు. తండ్రి ప్రభుత్వ కొలువులో పెద్ద ఉద్యోగి, కవి కూడా. కొడుకుని లైడెన్‌లో న్యాయశాస్త్రం చదవమని పంపారు గాని, హైగెన్స్ మనసంతా లెక్కల మీదే. 1655లో శని గ్రహపు ఉపగ్రహం టైటాన్‌ను కనిపెట్టారు. మరుసటి ఏడే లోలకం గడియారం చేశారు.

1659లో తాడుకి కట్టి తిప్పే బరువు గురించి ఆలోచించారు. తాడు వదిలితే బరువు తిన్నగా పోతుంది. వృత్తంలో నిలపాలంటే క్షణక్షణం లోపలికి లాగుతూనే ఉండాలి. ఎంత లాగాలి? వ్యాసార్థంలో సగం ఎత్తు నుంచి కింద పడితే వచ్చే వడితో తిప్పితే, ఆ లాగుడు సరిగ్గా వస్తువు బరువంత ఉంటుందని తేల్చారు. మన సూత్రంతో సరిచూడండి, తేడా రాదు.

మనకు తెలిసిన లెక్క ఒకటి చేద్దాం. బదిలీ సామాన్ల లారీ 50 మీటర్ల వ్యాసార్థమున్న మలుపులో గంటకు 36 కిలోమీటర్లతో, అంటే సెకనుకు 10 మీటర్లతో తిరిగితే త్వరణం 2. అదే 72తో తిరిగితే 400ని 50తో భాగించాలి, 8 వస్తుంది. వడి రెండింతలు, త్వరణం నాలుగింతలు! గురుత్వ త్వరణం 9.8 కదా, దానికి దగ్గరే. ఇక అమ్మ సర్దిన గాజు సామాను సంగతి చెప్పనక్కర్లేదు.

1666లో ఫ్రాన్స్ రాజు కొత్తగా పెట్టిన అకాడమీలో పని చేయడానికి హైగెన్స్ పారిస్ వెళ్లారు. మనలాగే పరాయి ఊరు. మధ్యమధ్య జబ్బుపడి ఇంటికి వస్తూ పోతూ ఉండేవారు. 1681లో వచ్చాక మళ్లీ అక్కడ కొలువు దక్కలేదు. పారిస్‌లో ఉండగా 1673లో వేసిన గడియారాల పుస్తకం చివర ఈ సిద్ధాంతాలు 13 ఇచ్చారు, రుజువులు లేకుండా. ఎందుకు దాచుకున్నారో మాకైతే బాధగానే ఉంది. 1687లో న్యూటన్ పుస్తకం వచ్చింది. అభికేంద్రం అన్న మాట కూడా ఆయనదే. 1689లో హైగెన్స్ లండన్ వెళ్లి న్యూటన్‌ను కలిశారు.

1695 జూలై 8న హేగ్‌లోనే కన్నుమూశారు. రుజువులున్న కాగితాలు 1703లో అచ్చయ్యాయి. రాసిన 44 ఏళ్లకు.