స్థూలకాయంతో 30 ఏళ్ల పోరు: విలియం బాంటింగ్ జీవితం

లండన్ నగరంలోని సెయింట్ జేమ్స్ వీధిలో బాంటింగ్ కుటుంబానికి పేరుగాంచిన వ్యాపారం ఒకటి ఉండేది. గతించిన ప్రముఖులకు శవపేటికలు చేయించి, వారి అంత్యక్రియలను సకల లాంఛనాలతో జరిపించడం ఆ కుటుంబపు వృత్తి. 1830లో బ్రిటిష్ రాజు నాలుగవ జార్జి అంత్యక్రియలను, 1861లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ అంత్యక్రియలను ఆ సంస్థే నిర్వహించింది. శ్రీరంగపట్నం, అస్సాయే యుద్ధాల ద్వారా భారతదేశ చరిత్రలో చోటు చేసుకున్న వెల్లింగ్టన్ ప్రభువు 1852లో మరణించినప్పుడు కూడా ఏర్పాట్లు చూసినవారు బాంటింగులే. అటువంటి ఇంట 1796లో జన్మించిన విలియం బాంటింగ్ పేరును లోకం నేటికీ తలచుకుంటున్నది. అయితే అందుకు కారణం రాజుల అంతిమయాత్రలు కావు, ఆయన భోజనంలో వచ్చిన ఒక మార్పు.

బాంటింగ్ తల్లి వైపున గాని, తండ్రి వైపున గాని స్థూలకాయులు లేరు. తాను ఎన్నటికీ ఆ స్థితికి రాకూడదని యౌవనంలోనే ఆయన నిశ్చయించుకున్నారు. దాదాపు 50 ఏళ్లు వ్యాపారంలో చురుకుగా శ్రమించారు. సోమరితనం ఆయన దరి చేరలేదు. అతిగా తినడం, అతిగా తాగడం కూడా ఆయన అలవాట్లు కావు. అయినప్పటికీ 30 ఏళ్లు దాటిన నాటి నుండి శరీరం మెల్లమెల్లగా బరువెక్కసాగింది. తనకు తెలిసిన ఒక శస్త్రవైద్యుని సలహా కోరగా, శారీరక శ్రమ పెంచమని ఆయన సూచించారు. బాంటింగ్ ప్రతిదినం వేకువనే నదికి వెళ్లి, బరువైన పడవలో రెండేసి గంటలు తెడ్లు వేశారు. కండబలం పెరిగిన మాట వాస్తవమే గాని, దానితో పాటే ఆకలి కూడా విపరీతంగా పెరిగింది. ఆకలి తీర్చుకొనక తప్పలేదు, తీర్చుకున్నకొద్దీ బరువు హెచ్చింది. చివరకు సలహా ఇచ్చిన వైద్యుడే పడవ మానివేయమని చెప్పవలసి వచ్చింది.

అది మొదటి ఓటమి మాత్రమే. ఆ తరువాత మూడు దశాబ్దాలకు పైగా బాంటింగ్ చేయని ప్రయత్నం లేదు. సముద్రతీరాలకు వెళ్లి గాలి మార్చారు, ఉప్పునీటి స్నానాలు చేశారు. లెమింగ్టన్, చెల్టెనామ్, హారోగేట్ పట్టణాలలోని ఔషధ జలాలను సేవించారు. గుర్రపు స్వారీ చేశారు. వైద్యులు రాసిచ్చిన క్షార ద్రావకాలను ఏళ్ల తరబడి తాగారు. ఆవిరితో చెమట పట్టించే టర్కీ స్నానాలు 50 వరకు చేయగా, తగ్గినది సుమారు ఆరు పౌండ్లు మాత్రమే. అర్ధాకలితో ఉండమన్న సలహాను పాటించినప్పుడు శరీరం నీరసించిందే తప్ప కొవ్వు కరగలేదు. ఆయన సంప్రదించిన వైద్యులు పేరుప్రతిష్ఠలు కలవారే. అయితే వారిలో అనేకులు స్థూలకాయాన్ని వ్యాధిగా భావించలేదు. వయసుతో పాటు వచ్చే సహజ పరిణామంగానే దానిని పరిగణించారు.

65 ఏళ్లు దాటేనాటికి ఆయన స్థితి దయనీయంగా మారింది. ఐదడుగుల ఐదంగుళాల ఎత్తు గల ఆ మనిషి 202 పౌండ్ల బరువుకు, అంటే సుమారు 92 కిలోలకు చేరారు. వంగి పాదరక్షల తాళ్లు ముడి వేసుకోవడం సాధ్యం కాలేదు. మోకాళ్లకు, చీలమండలకు కట్లు కట్టుకొని నడవవలసి వచ్చింది. మెట్లు దిగేటప్పుడు ఆ భారం కీళ్లపై పడకుండా వెనుకకు తిరిగి, ఒక్కొక్క మెట్టే నెమ్మదిగా దిగేవారు. బొడ్డు వద్ద వాపు ఏర్పడి దానికి పట్టీ ధరించేవారు. చూపు మందగించింది, వినికిడి తగ్గింది. వీటన్నింటికీ తోడు వీధులలో, సభలలో, బండ్లలో ఎదురయ్యే ఎగతాళి మాటలు ఆయనను మరింతగా బాధించాయి. క్రమంగా ఆయన జనంలోకి వెళ్లడమే తగ్గించుకున్నారు.

మార్పు ఆయన ఎదురుచూడని దారిలో వచ్చింది. 1862 ఆగస్టులో చెవుడు ఎక్కువ కావడంతో బాంటింగ్ ఒక ప్రసిద్ధ చెవి వైద్యుని ఆశ్రయించారు. చికిత్స వలన ప్రయోజనం కలగలేదు. ఇంతలో ఆ వైద్యుడు సెలవుపై నగరం విడిచి వెళ్లడంతో, మరొకరిని వెదుక్కుంటూ సోహో స్క్వేర్‌లో ఉన్న విలియం హార్వే వద్దకు వెళ్లారు. రక్తప్రసరణను వివరించిన 17వ శతాబ్దపు విలియం హార్వే వేరు, ఈయన వేరు. చెవుల కంటే ముందుగా ఈ వైద్యుడు రోగి దేహాన్ని గమనించారు. అధిక కొవ్వు వల్లనే వినికిడి దెబ్బతిన్నదని నిర్ణయించారు.

హార్వే ఆలోచనకు మూలం పారిస్ నగరంలో ఉంది. అక్కడ శరీరధర్మ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ మధుమేహం గురించి, కాలేయం చక్కెరను తయారు చేసే తీరు గురించి ఇచ్చిన ఉపన్యాసాలను ఆయన విన్నారు. చక్కెర, పిండిపదార్థాలు మధుమేహ రోగికి హాని చేస్తున్నప్పుడు, దేహంలో కొవ్వు పేరుకొనడానికి కూడా అవే దోహదం చేస్తుండవచ్చునని హార్వే ఊహించారు. ఆ ఊహను పరీక్షించడానికి తగిన రోగి తానుగా ఆయన ముందుకు వచ్చి నిలిచారు.

అప్పటి వరకు బాంటింగ్ దినచర్యలో ప్రధానంగా ఉన్నవి రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు. ఆ ఆరింటినీ వీలైనంతగా మానివేయాలని హార్వే ఆదేశించారు. ఉదయం నాలుగైదు ఔన్సుల మాంసం లేదా చేప, పాలు, చక్కెర లేని తేనీరు, ఒక ఔన్సు ఎండు రొట్టె. మధ్యాహ్నం ఐదారు ఔన్సుల మాంసం లేదా చేప, బంగాళాదుంప తప్ప మరేదైనా కూర, కొద్దిగా పండ్లు. సాయంత్రం పండ్లు, తేనీరు. రాత్రి మూడు నాలుగు ఔన్సుల మాంసం లేదా చేప. పంది మాంసానికి అనుమతి లేదు. ఆనాటి ఆంగ్లేయ సంపన్నుల అలవాటును అనుసరించి తీపి లేని ద్రాక్షసారా మాత్రం ఆ జాబితాలో ఉదారంగానే చోటు చేసుకున్నది. నేటి వైద్యులు ఆ భాగాన్ని ఆమోదించరు.

ఫలితం కొద్ది వారాలలోనే కనిపించింది. బరువు వారానికి సుమారు ఒక పౌండు చొప్పున తగ్గుతూ వచ్చింది. ఏడాది గడిచి 1863 సెప్టెంబరు వచ్చేసరికి ఆయన 156 పౌండ్లకు, అంటే సుమారు 71 కిలోలకు చేరారు. తగ్గిన బరువు 46 పౌండ్లు. నడుము చుట్టుకొలతలో తగ్గుదల పన్నెండుంపావు అంగుళాలు. మెట్లు ముందుకు తిరిగి సహజంగా దిగగలిగారు. పాదరక్షలను తానే తొడుక్కోగలిగారు. వినికిడి మెరుగుపడింది. ఇన్నేళ్లలో ఆకలితో అలమటించకుండా బరువు తగ్గడం ఆయనకు అదే మొదటిసారి.

తనవలె బాధపడుతున్న వారికి ఈ అనుభవం అందాలని బాంటింగ్ సంకల్పించారు. వైద్య పత్రిక లాన్సెట్‌కు పంపాలని తొలుత తలచారు గాని, వైద్యుడు కాని ఒక సామాన్యుని రాతను ఆ పత్రిక పట్టించుకుంటుందన్న నమ్మకం ఆయనకు కలగలేదు. అందువలన 1863లో స్థూలకాయంపై ప్రజలకు లేఖ రూపంలో ఒక చిన్న పుస్తకాన్ని సొంత ఖర్చుతో ముద్రించి ఉచితంగా పంచారు. గిరాకీ పెరగడంతో తరువాతి ముద్రణలకు వెల నిర్ణయించారు. అయితే లాభాన్ని తన వద్ద ఉంచుకోక, ధార్మిక సంస్థలకు విరాళంగా ఇచ్చారు. పుస్తకం వేల సంఖ్యలో అమ్ముడుపోయి, ఇతర ఐరోపా భాషలలోకి కూడా వెళ్లింది. ఆంగ్లంలో ఆయన ఇంటి పేరే క్రియాపదమై, బరువు తగ్గడానికి పథ్యం చేయడమనే అర్థంలో వాడుకలోకి వచ్చింది. స్వీడిష్ భాషలో పథ్యం చేయడాన్ని నేటికీ ఆయన పేరు నుండి పుట్టిన మాటతోనే వ్యవహరిస్తారు.

కీర్తితో పాటు నిందలు కూడా వచ్చాయి. వైద్యవృత్తిలో ఉన్న అనేకులు ఆయనపై విరుచుకుపడ్డారు. శవపేటికల వ్యాపారి వైద్యంలో తలదూర్చడం తగదని కొందరు అభ్యంతరం చెప్పారు. ఇందులో కొత్తదనం ఏమీ లేదని మరికొందరు వాదించారు. ఆ విమర్శలో కొంత నిజం ఉంది. ఫ్రెంచి రచయిత బ్రియా సవారిన్ 1825లోనే పిండి వంటకాలు ఊబకాయానికి కారణమని రాశారు. మాంసం అధికంగా తినడం ప్రమాదకరమని హెచ్చరించినవారు కూడా ఉన్నారు. హార్వేకు కూడా ఎగతాళి తప్పలేదు. ఆయన 1872లో తన పద్ధతిని వివరిస్తూ ప్రత్యేకంగా ఒక గ్రంథం ప్రచురించారు.

బాంటింగ్ ఈ వివాదాల నడుమ తన దేహాన్నే మళ్లీ పరీక్షకు పెట్టారు. మానివేసిన పదార్థాలను కొద్దికొద్దిగా తిరిగి తీసుకొని, ప్రతిసారీ తూనికపై ఫలితం చూశారు. వారం మొత్తానికి కేవలం ఐదు ఔన్సుల చక్కెర తిన్నప్పుడు, వారాంతానికి దాదాపు ఒక పౌండు బరువు పెరిగినట్లు గమనించారు. వెంటనే పాత నియమానికి తిరిగి వచ్చారు. తనకు అన్నింటి కంటే ప్రబల శత్రువు చక్కెరే అని తేల్చుకొని, ఆ సంగతిని 1869 నాటి ముద్రణలో పాఠకుల ముందుంచారు. ఒకరికి సరిపడినది అందరికీ సరిపడుతుందని మాత్రం ఆయన చెప్పలేదు. పథ్యం మొదలుపెట్టే ముందు వైద్యుని సంప్రదించడం మేలని సూచించారు.

1878 మార్చి 16న, 81 ఏళ్ల వయసులో విలియం బాంటింగ్ కన్నుమూశారు. లండన్‌లోని బ్రాంప్టన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. ఇన్సులిన్‌ను కనుగొన్న వారిలో ఒకరైన కెనడా వైద్యుడు ఫ్రెడరిక్ బాంటింగ్‌తో ఈయనను కొందరు పొరబడుతుంటారు. ఇద్దరూ వేర్వేరు కాలాలకు చెందిన వ్యక్తులు.

ఆయన తరువాత ఈ పథ్యం మరుగున పడుతూ, మళ్లీ తలెత్తుతూ వచ్చింది. 1972లో అమెరికా వైద్యుడు రాబర్ట్ అట్కిన్స్ రాసిన పుస్తకం దానికి కొత్త ఊపు తెచ్చింది. దక్షిణాఫ్రికాలో పిండిపదార్థాలు తగ్గించిన ఆహారాన్ని నేటికీ బాంటింగ్ పేరుతోనే పిలుస్తారు. కీటో అన్న మాట ఇప్పుడు తెలుగు ఇళ్లలో కూడా వినిపిస్తున్నది. వరి అన్నం ప్రధానాహారమైన మన ప్రాంతంలో ఈ చర్చకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. భారతదేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన అధ్యయనం 2023లో వెల్లడించింది.

అయితే శాస్త్రం ఈ విషయంలో తొందరపాటు తీర్పు ఇవ్వడం లేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 609 మందిపై ఏడాది పాటు జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. పిండిపదార్థాలు తగ్గించినవారికి, కొవ్వు తగ్గించినవారికి మధ్య బరువు తగ్గుదలలో చెప్పుకోదగిన తేడా అందులో కనిపించలేదు. రెండు వర్గాలలోనూ కొందరు బాగా తగ్గారు, కొందరు ఏమాత్రం తగ్గలేదు. మధుమేహానికి మందులు లేదా ఇన్సులిన్ వాడుతున్నవారు వైద్యుని పర్యవేక్షణ లేకుండా అన్నం, రొట్టె ఒక్కసారిగా మానివేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకర స్థాయికి పడిపోయే అవకాశం ఉంది. మూత్రపిండాల వ్యాధి గలవారు, గర్భిణులు కూడా జాగ్రత్త వహించాలి.

బాంటింగ్ జీవితంలో ఎక్కువగా చెప్పుకునేది తొలి ఏడాదిలో తగ్గిన 46 పౌండ్ల గురించే. ఆయన ఆ బరువును మళ్లీ పెరగనీయకుండా మరో 15 ఏళ్లు జీవించారన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. 30 ఏళ్లకు పైగా ఓడిపోతూ వచ్చిన మనిషి 66వ ఏట మరొక ప్రయత్నానికి సిద్ధపడ్డారు. జిహ్వ పాత రుచుల వైపు మళ్లినప్పుడల్లా తూనికను సంప్రదించి, నియమానికి తిరిగి వచ్చారు. బరువు తగ్గి మళ్లీ పెరిగి, నిరాశతో ప్రయత్నం విరమించుకునే లక్షలాది మందికి ఆయన చరిత్రలో ఉపయోగపడే భాగం అదే.