తోళ్ల బేరగాడు పేరయ్య

క్రైస్తవాన్ని ఇక్కడికి ఎవరు తెచ్చారని మా మెండోరలో అడిగితే మెదక్ చర్చినో, డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రినో చూపిస్తారు. రెండూ దొరల పేర్లతో ముడిపడినవే. విద్యార్థి మిత్రుల మధ్య ఈ చర్చ వచ్చినప్పుడల్లా నేను ఒంగోలు సీమకు చెందిన యర్రగుంట్ల పేరయ్య పేరు గుర్తుచేస్తాను.

పేరయ్య తాళ్లకొండపాడు మాదిగ. తోళ్లు కొని అమ్మడం ఆయన వృత్తి. క్రైస్తవుడు కాకమునుపే యోగమార్గంలో సాధన చేసినవాడు. అంటరాని వాడలకు తాత్త్విక చింతన లేదనేవారు ఈ ఒక్క సంగతి గమనిస్తే చాలు. బేరం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడే క్రీస్తు మాట ఆయన చెవిన పడింది. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు.

విశ్వాసం మారింది గాని ఆయన తిరిగే దారులు మారలేదు. తోళ్ల కోసం తిరిగిన పల్లెలలోనే, చుట్టరికాలున్న వాడలలోనే, చెప్పులు కుట్టేవారి పక్కన కూర్చుని తాను నమ్మినదాన్ని చెప్పాడు. 1867 జనవరిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి వాడలు సిద్ధంగా ఉన్నాయి. 28 మంది బాప్తిస్మం పొందారు. చరిత్రకారులు దీనిని క్లౌ ఉద్యమమంటారు. విత్తింది పేరయ్య, కోత కోసింది దొర అని నా అభిప్రాయం.

మూల్యం మాత్రం వాడలే చెల్లించాయి. ఆదివారం వెట్టికి రామన్నందుకు, జాతరలో డప్పు కొట్టమన్నందుకు, చచ్చిన గొడ్డు మాంసం తినమన్నందుకు ఊరి పెద్దలు కక్షగట్టారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని ఒంగోలు అగ్రవర్ణాలు పట్టుబట్టగా, క్లౌ మాదిగల పక్షమే నిలిచాడు. ఆ ఘనత ఆయనకు దక్కవలసిందే.

1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని క్లౌ వేలమందికి కూలి కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న నింద రాకుండా అప్పట్లో బాప్తిస్మాలు ఆపివేశాడు. చివరకు 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కూటికోసం మతం మారారని నేటికీ వెక్కిరించేవారు ఈ క్రమాన్ని చదవరు.

కులం అంతటితో పోలేదు. మాల, మాదిగ తేడాలు చర్చి గడప కూడా దాటాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల పేరయ్య బాట పట్టిన మాదిగకు షెడ్యూల్డు కుల హోదా లేదు. చర్చి రిజిస్టరులో ఒక పేరు, కుల ధ్రువపత్రంలో మరో పేరు రాయించుకుని బతకవలసిన యువకులు మా జిల్లాలోనూ ఉన్నారు.