యాభై ఐదో ఏట చుక్కలు నేర్చిన పిస్సారో

1983లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించినప్పుడు ఆఫీసుల్లో మన పెద్దలు ఎంత దిగాలుపడ్డారో చాలామంది సభ్యులకు గుర్తుండే ఉంటుంది. సరిగ్గా ఆ 55 ఏళ్ళ వయస్సులో ఒక పేరుపొందిన చిత్రకారుడు, తనకంటే ముప్ఫై ఏళ్ళు చిన్నవాడైన కుర్రవాని దగ్గర మళ్ళీ ఓనమాలు దిద్దుకున్నారు. ఆయనే కమీల్ పిస్సారో.

ఆయన 1830 జూలై 10న వెస్టిండీస్‌లోని సెయింట్ థామస్ దీవిలో జన్మించారు. తండ్రి వ్యాపారి. కొంతకాలం ఆ దుకాణంలోనే గుమాస్తాగిరీ చేసి, బొమ్మల మీది మోజుతో వెనిజులా పారిపోయి, 1855లో పారిస్ చేరారు. 1870 యుద్ధంలో ఇల్లు వదలి లండన్ వెళ్ళవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి ఇంట్లో శత్రుసైనికులు ఆయన చిత్రాలను కాళ్ళు తుడుచుకునే పట్టాలుగా వాడేశారు. ఇరవై ఏళ్ళ శ్రమలో మిగిలినవి నలభై దాకా మాత్రమే. అయినా మళ్ళీ మొదలుపెట్టారు. 1874 నుండి 1886 దాకా జరిగిన ఎనిమిది ఇంప్రెషనిస్టు ప్రదర్శనలలోనూ పాల్గొన్నవారు ఆయన ఒక్కరే.

1885లో జార్జ్ సెరా పరిచయమయ్యారు. సెరా రంగులను పళ్ళెంలో కలిపేవారు కాదు. విడివిడి రంగులను చిన్న చిన్న చుక్కలుగా పక్కపక్కన పెట్టేవారు. దూరం నుండి చూస్తే అవి మన కంటిలోనే కలిసిపోతాయి. నారింజ పక్కన నీలం, ఎరుపు పక్కన ఆకుపచ్చ ఉంటే రెండూ మరింత మెరుస్తాయని షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త 1839లోనే వ్రాశారు. మన ఆడవారి ముగ్గులో చుక్కలు గీతతో కలపడానికి. ఇక్కడ మాత్రం కలపకూడదు, కలిపే పని చూసేవారి కంటిది. పత్రికలో రంగుల ఫోటోను భూతద్దంతో చూడండి, సంగతి బోధపడుతుంది.

పిస్సారో పట్టుబట్టి 1886 ప్రదర్శనలో సెరాకు చోటిప్పించారు. పాత మిత్రులు మోనె, రెన్వార్ అందులో పాల్గొననే లేదు. చిత్రాలు అమ్మిపెట్టే డ్యురాన్ రుయేల్‌కు ఈ చుక్కలు నచ్చలేదు. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. భార్య జూలీ కూరగాయలు పండించి, కోళ్ళు పెంచి సంసారం ఈదారు. ఆ రోజుల్లో, 1888లో, వేసినదే రువాన్ నగరపు నదీతీరం: మంచులో పడవ, పొగగొట్టం, అంతా చుక్కలే. నా మట్టుకు అది చాలు ఆయన నేర్చుకున్నది వృథా కాలేదనడానికి.

కాని చుక్కల పని బహు నెమ్మది. మారే వెలుగును పట్టుకోవడానికి చేయి సాగదు. (నేను రిటైరైన తరువాత మా డాబా మీద నుండి నేరేడ్‌మెట్ చౌరస్తాను ఇలాగే వేయబోయాను. మూడు వారాలకు ఒక గోడ, సగం వేపచెట్టు తయారయ్యాయి. ఆటోలు ఒక్కటీ ఆగలేదు.) 1890 నాటికి పిస్సారో ఆ పద్ధతిని విడిచారు. తప్పు తెలిసినప్పుడు వదులుకోవడం ఆ వయస్సులో నేర్చుకోవడం కంటే కష్టమే. సెరా 1891లో 31 ఏళ్ళకే మరణించారు.

ఈలోగా పిస్సారోకు కుడి కంటి కన్నీటి నాళం జబ్బు పట్టుకుంది. గాలి, దుమ్ము తగలకూడదు. ఆరుబయట వేసే మనిషి హోటలు గదుల కిటికీల వెనుకకు చేరారు. అలా 1897లో పారిస్‌లోని మోన్‌మార్త్ర్ వీధిని ఒకే కిటికీ నుండి పద్నాలుగు సార్లు వేశారు: ఎండలో, వానలో, మంచులో, ఉత్సవపు జనంలో. చుక్కలు పోయాయి గాని, రంగులను విడిగా నిలబెట్టే అలవాటు ఆ గుర్రపుబండ్ల, జనాల మరకల్లో మిగిలే ఉంది. 1903 నవంబరు 13న కన్నుమూసే దాకా కిటికీ మారుతూనే వచ్చింది.

ఆ పద్నాలుగింటిలో రాత్రి దృశ్యం ఒక్కటే. తడిసిన రోడ్డు మీద దీపాల వెలుగు. దాని మీద ఆయన సంతకం చేయలేదు, బ్రతికుండగా ఎక్కడా ప్రదర్శించలేదు. ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.