వజ్రాల జాడ తెలిసిన లేనివాడు



ఇంట్లో పెళ్ళీడుకొచ్చిన పిల్ల ఉన్నవారు ఆదివారం పూజ అయ్యాక నా దగ్గరకు వచ్చి, అవతలివాళ్ళు ఉన్నవాళ్ళేనా ఫాదర్ గారూ అని అడుగుతుంటారు. అబ్బాయి త్రాగుతాడా, గుడికి వస్తాడా అన్నవి తరువాత వచ్చే ప్రశ్నలు. మొదటిది మాత్రం ఇదే. నాకు తెలిసినంత చెబుతాను. ఇన్ని ఎకరాల మాగాణి, ఇన్ని చేపల చెరువులు, గుడివాడలో ఒక డాబా. చెప్పి పంపించాక ఆ మాట నన్ను వదలదు. ఉన్నవాడంటే ఎవరు? గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో గాబ్రియేల్ మార్సెల్ అనే ఫ్రెంచి కథోలిక తత్వవేత్త గూర్చి పాఠం విన్నాను. ఉండటం వేరు, కలిగి ఉండటం వేరు అంటూ ఆయన 1935లో ఒక గ్రంథమే ప్రచురించారు. మన తెలుగులో ఆ రెండింటికీ ఒకే మాట. ఆస్తి కలిగినవాణ్ణి ఉన్నవాడంటాం. ఆస్తి లేకపోతే, మనిషి నిక్షేపంలా మన ఎదుట నిలబడి ఉన్నా సరే, లేనివాడంటాం!

ఈ వారం మన కృష్ణా జిల్లాలో పుట్టిన ఒక లేనివాడి గూర్చి మీకు చెబుతాను. పేరు పింగళి వెంకయ్య గారు. ఆగస్టు 15న బడిలో పిల్లలకు మిఠాయిలు పంచేముందు ఆ పేరు ఒకసారి తలచుకొని వదిలేస్తాం. జెండా సంగతి కాక ఆయన ఇంకేం చేశారో మీ పిల్లల్ని అడిగి చూడండి. పెద్దవాళ్ళను అడిగినా ఫరవాలేదు.

కూచిపూడికి దగ్గరలోని భట్లపెనుమర్రు ఆయన ఊరు. 1876 ఆగస్టు 2 పుట్టిన రోజుగా ప్రభుత్వం జయంతి జరుపుతోంది. 1878 అని వ్రాసేవారూ ఉన్నారు. చల్లపల్లిలో కొంత చదివి, పై చదువుకు బందరు వచ్చి హిందూ ఉన్నత పాఠశాలలో చేరారు. అక్కడి నుండి ఆయన బ్రతుకు వరసగా చెప్పడం కష్టం. యువకుడుగా సైన్యంలో చేరి, బోయర్ యుద్ధ కాలంలో దక్షిణాఫ్రికా వెళ్ళారు. గాంధీగారితో పరిచయం అక్కడే కలిగింది. తిరిగి వచ్చి రైల్వేలో గార్డుగా పనిచేశారు. బళ్ళారిలో ప్లేగు అధికారిగా ఉన్నారు. ఆ రోజుల్లో సర్కారు ఉద్యోగమంటే ఎంత గౌరవమో, ఎంత భద్రతో మీ తాతలను అడిగితే చెప్పేవారు. ఆయన వాటిని వదిలి లాహోరు వెళ్ళి జపాను భాష, ఉర్దూ నేర్చుకున్నారు. తరువాత మునగాల జమీందారు ఆశ్రయంలో నడిగూడెంలో ఉండి పత్తి పంట మీద పరిశోధన చేశారు. కంబోడియా పత్తి మన నేలలో ఎలా పండుతుందో చూసి జనంచేత పత్తి వెంకయ్య అనిపించుకున్నారు. 1913లో బాపట్లలో జపాను భాషలో ప్రసంగించి జపాన్ వెంకయ్య కూడా అయ్యారు.

ఇలాంటి కొడుకు మన ఇంట్లో ఉంటే నిలకడ లేనివాడని అంటాం. నిజం చెప్పాలంటే, మీరు తీసుకువచ్చి బుద్ధి చెప్పమంటే నేనూ రెండు ముక్కలు చెప్పి పంపేవాణ్ణేమో. అయితే ఒకటి గమనించండి. చేపట్టిన ప్రతి విద్యనూ ఆయన మొదలంటా నేర్చుకున్నారు. దానిని డబ్బుగా మార్చుకొనే ఘడియ వచ్చేసరికి మాత్రం మరొకదాని వెంట వెళ్ళిపోయారు.

1910లో కోపల్లె హనుమంతరావు గారు తన మిత్రులు భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు గార్లతో కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. వెంకయ్య గారు అందులో ఉపాధ్యాయులయ్యారు. జాతీయ కళాశాల జీతాలు ఎవరినీ ధనవంతుల్ని చేసేవి కావు. అక్కడ పాఠాలు చెబుతూనే ప్రపంచ దేశాల జెండాలన్నీ సేకరించి పరిశీలించారు. భారతదేశానికి తగిన జెండా ఎలా ఉండాలో 30 నమూనాలు గీసి 1916లో ఒక ఆంగ్ల పుస్తకం ప్రచురించారు. ఎవరూ అడగలేదు. అడగని పనికి ఇన్నేళ్ళు!

అడిగిన రోజు 1921లో వచ్చింది. బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం జరుగుతోంది. జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ జెండాలో రాట్నం ఉండాలని సూచించగా, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నంతో ఒక నమూనా గీయమని గాంధీగారు వెంకయ్య గారిని కోరారు. మూడు గంటల కాలంలో ఆయన గీసి తెచ్చారు. అప్పటికే ఆలస్యమై అది సభ ముందుకు రాలేదు. అది ఒకందుకు మేలే అయిందని గాంధీగారు తరువాత తన పత్రికలో వ్రాశారు. తెలుపు రంగు కూడా చేర్చాలన్న ఆలోచన ఆ వ్యవధిలోనే వచ్చింది. బందరు జాతీయ కళాశాలకు చెందిన వెంకయ్య అని ఆ వ్యాసంలో పేరు పెట్టి మరీ చెప్పారు.

ఇప్పుడు మనం ఎగురవేసే జెండా యథాతథంగా ఆయన గీసినది కాదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే అభిమానం కొద్దీ మనం ఉన్నదానికి లేనిది కలిపేస్తుంటాం. 1931లో కాంగ్రెసు నియమించిన కమిటీకి మన పట్టాభి గారే సంచాలకులు. ఆ ఏడే కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వరుస కుదిరింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోకచక్రాన్ని ఉంచింది. ఇలా అది పలువురి చేతుల మీదుగా వచ్చిన జెండా. అయితే, జాతికి ఒక జెండా కావాలని అందరికంటె ముందే కూర్చుని చదివి, గీసి, అచ్చువేసిన వాళ్ళలో బందరు పంతులు ఒకరు. దానిమీద ఆయన సంపాదించినది ఒక్క రూపాయి కూడా లేదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆయన నాలుగో పేరు. వజ్రాల వెంకయ్య. మన కృష్ణానది ఒడ్డున కొల్లూరు గనులు ఒకనాడు లోకప్రసిద్ధి. కోహినూరు అక్కడిదేనంటారు. వెంకయ్య గారు భూగర్భశాస్త్రంలో దిగి, నెల్లూరు ప్రాంతంలో అభ్రకం మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. వజ్రం ఏ రాతిలో పుడుతుందో పరిశోధించి 'వజ్రపు తల్లిరాయి' అనే పుస్తకం వ్రాశారు. ఒక్కసారి ఆలోచించండి. వజ్రాల జాడ తెలిసిన మనిషి ఏం చేస్తాడు? మీరైనా, నేనైనా నోరు మూసుకుని ఆ చేను కొంటాం. పొలంలో దొరికిన నిధిని గూర్చి యేసుప్రభువు చెప్పిన ఉపమానంలోని మనిషి కూడా అలాగే చేశాడు కదా. ఈయన తనకు తెలిసినది పుస్తకంగా అచ్చువేసి పదిమందికీ పంచారు.

చివరి రోజుల్లో విజయవాడ చిట్టినగర్‌లో పేదరికంలో బ్రతికారు. 1963 జూలై 4న కన్నుమూశారు.

ఇక్కడ మీరు నన్ను నిలదీయాలి. పస్తులుండటమే సంపద అని చెబుతున్నారా ఫాదర్ గారూ అని. లేదు. ఆకలి ఏ మనిషికీ శోభ కాదు. తనంతట తాను వదులుకున్నవాడి నిరాడంబరత వేరు, ఊరంతా చూస్తూ ఊరుకున్నందువల్ల ముసలితనంలో మీదపడిన లేమి వేరు. వెంకయ్య గారి జీవితంలో రెండూ ఉన్నాయి. మొదటిది ఆయన గొప్ప. రెండవది మన తప్పు, అందులో సందేహం లేదు. ఆ ఇంటి ఆడవాళ్ళు పొయ్యి ఎలా వెలిగించారో అన్న సంగతిని జీవితచరిత్రలు పట్టించుకోవు. 2009లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ విడుదలయింది. బ్రతికి ఉండగా ఆ శ్రద్ధలో పదోవంతు చూపినా సరిపోయేది.

అలాగని చెరువులూ ఎకరాలూ గట్టివని కూడా మనం చెప్పలేం. 1977 నవంబరు 19న దివిసీమను సముద్రం ముంచెత్తింది. సర్కారు లెక్కలోనే పదివేల మంది పోయారు. ధాన్యపు గాదె ఉన్నవాడూ, గుడిసె వాడూ తెల్లవారేసరికి ఒకే గట్టు మీద ఉన్నారు. 1994, 95లలో రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తగిలినప్పుడు, ఒక పంటకు ఉన్నవాళ్ళయినవారు మరుసటి పంటకు అప్పులవాళ్ళయ్యారు. మీలో కొందరి ఇళ్ళలోనే అది జరిగి ఉంటుంది. వాళ్ళ ముందు నేను పెద్ద మాటలు చెప్పను.

వచ్చే ఆదివారం కూడా ఎవరో ఒకరు అదే ప్రశ్నతో వస్తారు. ఎకరాలు చెబుతాను, అడిగిన తల్లిదండ్రుల భయం నాకు తెలుసు. అబ్బాయికి ఏ పని మొదలంటా వచ్చు, తనకు తెలిసినది ఎవరికైనా నేర్పాడా అని కూడా ఈసారి విచారించి చెబుతాను.

వెంకయ్య గారి ఆఖరి కోరిక ఒకటి మన ప్రాంతంలో చెప్పుకుంటారు. తాను పోయాక త్రివర్ణ పతాకాన్ని తన దేహం మీద కప్పమన్నారట. శ్మశానానికి చేరాక ఆ జెండాను తీసి, అక్కడి రావిచెట్టుకు కట్టమన్నారట.