పాపపు ఒప్పుకోలు, సంఘ సంప్రదాయము – బిషప్ అజరయ్య గారి జీవితము

నల్లగొండ, పాలమూరు జిల్లాలలో ఇది మనకందరకు తెలిసిన సంగతియే. అన్నగారి కుటుంబము సి.ఎస్.ఐ., తమ్ముని అత్తవారు బాప్తిస్టులో మెన్నొనైట్ బ్రదరెన్ వారో అయి యుందురు. మనము ఆదివారము మోకాళ్లూని ప్రార్థన పుస్తకములోని పాపపు ఒప్పుకోలును అందరము ఏకస్వరముతో పలుకుదుము. వారిలో మారుమనస్సు పొందినవాడు సంఘము ఎదుట నిలిచి, తన సాక్ష్యమును తన మాటలలోనే చెప్పి, పిమ్మట నీట మునిగి బాప్తిస్మము పొందును. పుస్తకము చూచి చదివినది ఒప్పుకోలు ఎట్లగునని వారు, క్రమము లేని ఆరాధన ఏమి ఆరాధన అని మనవారు. పెండ్లి మాటలలో సైతము ఈ వాదము లేచుచుండును. ఇట్టి భేదముల నడుమ సంఘ ఐక్యత కొరకు పాటుపడిన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారిని ఈ శతవార్షిక సంచికలో స్మరించుట తగునని తలచితిమి.

ఆయన తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్విళై గ్రామమున జన్మించిరి. తండ్రి ఆంగ్లికన్ గురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఎ. కార్యదర్శియై దేశమంతట తిరిగిరి. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపకులలో ముఖ్యులైరి. ఆ సొసైటీ పని కొరకు నైజాము రాజ్యములోని డోర్నకలుకు వచ్చి, తెలుగు నేర్చుకొని, 1909లో గురువైరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా ప్రతిష్ఠింపబడిరి. భారతీయులలో ఆంగ్లికన్ బిషప్ అయిన మొదటివారు ఆయనయే.

అంతకు రెండేండ్ల క్రితము, 1910లో, ఎడిన్‌బరో మహాసభలో ఆయన చేసిన ప్రసంగము చెప్పదగినది. మిషనరీలు ఎంతో త్యాగము చేసిరి గాని భారతీయులను సమానులుగా, స్నేహితులుగా చూడలేదని వారి ముఖముననే చెప్పిరి. సభలో కొందరికి కోపము వచ్చెను. పాపము ఒప్పుకొనుట గ్రామ సంఘస్థునికే గాని పంపిన వారికి అక్కరలేదా? మా దృష్టిలో ఆయన ఆనాడు అడిగినది ఇదియే.

తరువాత అధ్యక్ష ఖండము విస్తరించెను. కృష్ణా ప్రాంతపు సి.ఎం.ఎస్. సంఘములు, రాయలసీమలోని ఎస్.పి.జి. సంఘములు దానిలో చేరెను. మొదటివారు సువార్త పక్షము, రెండవవారు సంప్రదాయమునకు ఎక్కువ విలువనిచ్చువారు. ప్రార్థన పుస్తకము ఒక్కటే అయినను దానిని చూచు తీరు ఒక్కటి కాదు. అందరు ఒప్పుకొనిన పిమ్మట గురువు ఒక్కడే నిలిచి పాపక్షమాపణ పలుకును. అది దేవుని వాగ్దానమును ప్రకటించుట మాత్రమే అని ఒక పక్షము, గురువునకు అప్పగింపబడిన అధికారము అని మరియొక పక్షము. మనస్సాక్షి నెమ్మది లేనివాడు సంస్కారమునకు ముందు గురువు నొద్దకు వచ్చి తన బాధ తెలుపవచ్చునని ఆ పుస్తకమే చెప్పుచున్నది. అయితే రోమను సంఘములో వలె దానిని విధిగా చేయలేదు. ఈ సంగతి మనలో చాలమందికి తెలియదు.

అజరయ్య గారు బిషప్ పదవిని, విశ్వాస ప్రమాణములను, సంస్కారములను గట్టిగా పట్టుకొనిరి. కాని బిషప్ పదవిని గూర్చి ఒకే సిద్ధాంతమును అందరును నమ్మవలెనని పట్టుపట్టలేదు. సంప్రదాయమనగా ఇంగ్లీషు అలవాటు అనియు తలచలేదు. 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ దేవాలయపు స్తంభములు, గుమ్మటములు చూచినవారికి అది తెలియును. గ్రామములలో మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములతో పోరాడుడని బోధించిరి. వండునప్పుడు పిడికెడు బియ్యము దేవునికై తీసిపెట్టు అలవాటును స్త్రీలలో ప్రోత్సహించిరి. ఒప్పుకోలు బ్రదుకులో కనబడవలెనన్నది ఆయన పట్టుదల.

1919 మే నెలలో తరంగంబాడిలో ఆయనయు ఇతర సంఘ నాయకులును కూడి, మన చీలికలు మనము చేసినవి కావు, పరదేశము నుండి వచ్చినవి అని ప్రకటించి ఐక్యత చర్చలు మొదలుపెట్టిరి. ఇరువది ఐదేండ్లకు పైగా ఆ చర్చలు సాగెను. ఇంగ్లండులోని సంప్రదాయ పక్షమువారు, బిషప్ చేత అభిషేకము పొందని గురువులను ఎట్లు అంగీకరింతురని ఎదిరించిరి. మన వైపు కాంగ్రిగేషనలిస్టులకు బిషప్ అన్న మాటయే గిట్టలేదు. ఆయన ఇరువురిని ఓపికతో వినిరి. 1945 జనవరి 1న డోర్నకలులో ప్రభువునందు నిద్రించిరి.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటైరి. నల్లగొండ బాప్తిస్టులు, పాలమూరు మెన్నొనైట్ బ్రదరెన్ వారు చేరలేదు. అంతకంటె బాధాకరము, ఆయన స్వంత అధ్యక్ష ఖండములోని నంద్యాల ప్రాంతపు సంఘములలో పెద్ద భాగము సంప్రదాయము నిమిత్తము వెలుపలనే నిలిచెను. ఆయన శ్రమించిన ఆ ఇంటిలోనికి వారు వచ్చుటకు ఇంకను ఏండ్లు పట్టెను.