విలియం హెర్షెల్ - ఆతని చిన్న యద్దము

జర్మనీ దేశమందలి హానోవరు పట్టణమున 1738వ సంవత్సరము నవంబరు 15వ తేదీని విలియం హెర్షెల్ జన్మించెను. తండ్రి సైనికుల వాద్యబృందమున నుండెడివాడు. కుమారుడును ఆ విద్యనే నేర్చి, 1757లో ఇంగ్లండు చేరి, కొన్నియేండ్లకు బాత్ నగరమందలి యొక ప్రార్థనాలయమున ఆర్గను వాయించు ఉద్యోగమును సంపాదించెను.

ఆకాశమును చూడవలెనను కోరిక 1773లో బలపడెను. మంచి దుర్భిణి కొనుటకు ధనము చాలకపోగా తానే చేయబూనెను. రాగియు తగరమును కలిపి పోసిన బిళ్లను గుంటగా అరగదీసి మెరుగుపెట్టవలెను. నడుమ చేయి తీసినచో అద్దము చెడునని ఆతడొకమారు 16 గంటలు లేవకుండగా, చెల్లెలు కరోలిన్ ఆహారమును నోటికందించెను.

అయినను పెద్ద యద్దముతోనే పని తీరదు. అది గొట్టము అడుగున నుండి, తాను కూర్చిన వెలుగును తిరిగి మూతివైపునకే పంపును. అచ్చట తల పెట్టినచో మన తలయే చుక్కకు అడ్డము. కావున న్యూటను 1668లో చేసిన దుర్భిణియందువలె, మూతికి సమీపమున ఒక చదునైన చిన్న యద్దమును 45 డిగ్రీల వాలుగా నిలిపి, వెలుగును ప్రక్కకు మరల్చి చూతురు. ఈ చిన్న యద్దమును పట్టియుంచు చేయి చూచుటకు అల్పమే గాని, చేయువానిని మిక్కిలి యేడిపించును. లావైనచో వెలుగును ఆపును. మరీ సన్ననైనచో వణకును, దానితో చుక్కయు వణకును. వాలు రవంత తప్పినను బొమ్మ చెదరును.

ఇట్టి 7 అడుగుల దుర్భిణితోనే హెర్షెల్ 1781 మార్చి 13వ తేదీ రాత్రి యురేనస్ గ్రహమును కనుగొనెను. రాజు ఏటికి 200 పౌనులు ఇచ్చుటచే సంగీతవృత్తిని మానెను.

లోహపుటద్దము తనపై బడిన వెలుగులో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే తిరిగి పంపును. రెండద్దములు దాటునప్పటికి సగమైనను మిగులదు! మసక చుక్కలను వెదకువానికి ఇది పెద్ద నష్టము. 1786లో ఆతడు తన 20 అడుగుల దుర్భిణినుండి చిన్న యద్దమును, దాని చేతిని తీసివేసి, పెద్ద యద్దమునే కొంచెము వాల్చి, బొమ్మ మూతి యంచున పడునట్లు చేసెను. ఆకాశమునకు వీపుత్రిప్పి, గొట్టములోనికి చూచెడివాడు. ఇంతకుమునుపే పరీక్షించి తొందరపడి విడిచిన యుపాయమిది. 1787 జనవరి 11వ తేదీన యురేనస్ చుట్టు తిరుగు ఇద్దరు చంద్రులు కనబడిరి.

చదువరులలో దుర్భిణి చేయగోరువారు దీనిని అనుకరింపరాదు. చిన్న గొట్టమున మన తల వెలుగునంతయు ఆపును. అద్దమును ఎక్కువ వాల్చినచో బొమ్మ సాగిపోవును. నేటి గాజుటద్దములపై వెండి, అల్యూమినియము పూతలు వెలుగును బాగుగ తిరిగి పంపును గనుక, చిన్న యద్దము వలని నష్టమును స్వల్పమే.

1789లో ముగిసిన 40 అడుగుల దుర్భిణి మోయరాని బరువు. ఆతడు ఎక్కువగా 20 అడుగులదానినే వాడెను. 1822 ఆగస్టు 25వ తేదీన స్లౌ గ్రామమున మరణించెను. కుమారుడు జాన్, 20 అడుగుల దుర్భిణిని 1834లో ఆఫ్రికా దక్షిణపు కొనయందు నిలిపి, తండ్రి చూడని దక్షిణాకాశమును నాలుగేండ్లు పరిశీలించెను.