రాబర్టు కాక్

నెల్లూరు సీమ పశువులు లోకప్రసిద్ధములు. తెల్లని మేను, ఎత్తైన మూపురము, వ్రేలాడు గంగడోలు గల ఈ జాతిని కొందఱు ఒంగోలు జాతి యనియు, కొందఱు నెల్లూరు జాతి యనియు పిలుతురు. ఒంగోలు తాలూకా 1904వ సంవత్సరము వరకు నెల్లూరు మండలములోనిదే. పందొమ్మిదవ శతాబ్దమునందే ఓడలపై బ్రెజిలు దేశమునకు వెళ్లిన ఈ పశువుల సంతతిని అచ్చటివారు నేటికిని నెలోరె యనియే వ్యవహరించుచున్నారు. పెన్నానది ఒడ్డు మొదలుకొని సముద్రతీరము వరకు గల పల్లెలలో ఎద్దు రైతునకు బలము, ఆవు ఇంటికి పాడి, పేడ పొలమునకు ఎరువు. పశువు లేని రైతు చేతులు లేని మనుష్యునితో సమానుడు.

అట్టి సంపద కొలది దినములలో మన్నగుట పూర్వము తఱచుగా జరుగుచుండెను. ఉదయమున మేతకు పోయిన ఎద్దు సాయంకాలమునకు వణకి కూలిపోవును; అది దొమ్మరోగము. ముసరవ్యాధి సోకినచో ఒక దొడ్డి తరువాత ఒక దొడ్డి వట్టిపోవును. జనులు గ్రామదేవతకు మ్రొక్కిరి. పొలిమేరలో పొలి చల్లిరి. ఏ దేశమునందైనను నాటి స్థితి ఇంచుమించు ఇట్టిదే. విషపు గాలి వలన రోగము వచ్చునని యూరపు ఖండములోని పండితులు సైతము తలచుచుండిరి. కారణము తెలియని రోగమునకు చికిత్స యెట్లు తెలియును? పశురోగమునకు మూలమైన సూక్ష్మజీవిని నిస్సందేహముగా లోకమునకు చూపినవాడు జర్మనీ దేశములోని ఒక చిన్న యూరి వైద్యుడు. అతని పేరు రాబర్టు కాక్.

కాక్ 1843వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన హార్జు పర్వతప్రాంతమునందలి క్లౌస్తాల్ అను గనుల పట్టణమున జన్మించెను. తండ్రి గనులలో ఉద్యోగి. పదుమూడుగురు సంతానము గల పెద్ద కుటుంబము వారిది. బాలుడు బడికి పోకముందే వార్తాపత్రికల సహాయముతో తనంత తానే చదువ నేర్చుకొని తల్లిదండ్రులను ఆశ్చర్యపఱచెను. గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రము నభ్యసించి 1866లో పట్టమును పొందెను. ఓడలో వైద్యుడై దూరదేశములను చూడవలెనని అతని కోరిక. కాని 1867లో వివాహము జరుగుటచే సంసారభారము మీదబడెను. కొన్ని యూళ్లలో వైద్యము చేసి, యుద్ధములో సైనికులకు చికిత్స గావించి, తుదకు 1872లో వోల్‌ష్టైన్ అను చిన్న పట్టణమున వైద్యాధికారిగా స్థిరపడెను.

ఆ ప్రాంతమున గొఱ్ఱెలును ఆవులును దొమ్మరోగముచే విశేషముగా చచ్చుచుండెను. కాక్ నొద్ద ప్రయోగశాల లేదు, పుస్తకశాల లేదు, సహాయకులు లేరు. భార్య బహూకరించిన సూక్ష్మదర్శిని యొకటియే అతని ధనము. రోగులను చూచు గదిలో ఒక తెర కట్టి, ఆ తెరవెనుక అతడు పరిశోధన మారంభించెను. రోగముతో మరణించిన పశువుల రక్తములో పుల్లల వంటి సన్నని కణములు కనబడుచుండెను. వీనిని అతనికి ముందే కొందఱు చూచియుండిరి. కాని అవి రోగమునకు కారణమా, రోగము వలన పుట్టిన మాలిన్యమా అను సంగతి తేలలేదు.

కాక్ ఒక కఱ్ఱపేడును కాల్చి శుద్ధిచేసి, చచ్చిన పశువు ప్లీహములోని రక్తమున ముంచి, ఎలుక చర్మముక్రింద గ్రుచ్చెను. ఎలుక మరణించెను. దాని రక్తములోను ఆ పుల్లలే కనబడెను. ఆరోగ్యము గల పశువు రక్తమును గ్రుచ్చిన ఎలుకకు మాత్రము ఏ హానియు కలుగలేదు. అయినను అతనికి తృప్తి కలుగలేదు. రక్తములోని మఱియొక పదార్థము చంపినదేమో! ఆ సందేహమును తీర్చుకొనుటకై ఎద్దుకంటిలోని స్వచ్ఛమైన ద్రవమున ఆ సూక్ష్మజీవులను పెంచెను. ఒక బొట్టు నుండి మఱియొక బొట్టునకు, దానినుండి వేఱొక బొట్టునకు ఇట్లు పలుమార్లు మార్చెను. మొదటి రక్తము ఏమియు మిగులని ఆ చివరి బొట్టును ఎక్కించినను ఎలుక దొమ్మరోగముతోనే మరణించెను. సూక్ష్మజీవియే హంతకి యని తేటపడెను.

ఆ పుల్లలు వెచ్చని ద్రవములో దారములవలె సాగి, వానిలో మెఱయు పూసల వంటివి ఏర్పడుటను కూడ అతడు కనిపెట్టెను. అవి సిద్ధబీజములు. అవి ఎండకును వానకును చావవు. మట్టిలో అనేక సంవత్సరములు నిద్రించి, పశువు కడుపున బడగనే మరల మేల్కొనును. కొన్ని బీళ్లలో మేసిన పశువులు ఏటేట ఏల చచ్చునో దీనివలన తెలిసినది. దొమ్మరోగముతో చచ్చిన పశువును కోయరాదు, చెఱువులలో పాఱవేయరాదు, కాల్చివేయవలెను లేదా లోతుగా పూడ్చవలెను అను నియమమునకు ఈ సిద్ధబీజముల గుణమే ఆధారము. గాలి తగిలినగాని అవి ఏర్పడవు.

1876వ సంవత్సరమున కాక్ తన సామగ్రిని మూట కట్టుకొని బ్రెస్లా నగరమునకు పోయి, ఫెర్డినాండు కోన్ అను వృక్షశాస్త్రజ్ఞుని యెదుట మూడు దినములు ప్రయోగములు చేసి చూపెను. పేరు లేని ఆ వైద్యుని పని చూచి పండితులు విస్మయమొందిరి. ఆ యేడే అతని వ్యాసము ప్రకటింపబడెను. ఐదేండ్లకు ఫ్రాన్సులో పాశ్చరు మహాశయుడు గొఱ్ఱెలపై దొమ్మరోగపు టీకాను బహిరంగముగా పరీక్షించి విజయము గాంచెను.

1880లో ప్రభుత్వమువారు కాక్‌ను బెర్లినుకు పిలిపించిరి. అచ్చట సూక్ష్మజీవులను గట్టి ఆహారముపై విడివిడిగా పెంచు పద్ధతిని అతడు వృద్ధిచేసెను. 1882 మార్చి 24వ తేదీన క్షయవ్యాధికి మూలమైన క్రిమిని విద్వత్సభకు చూపెను. నాటి లెక్కల ప్రకారము ఏడు మరణములలో ఒకటి ఆ వ్యాధివలననే కలుగుచుండెను. మఱుసటి సంవత్సరము కలరా కారణమును వెదకుచు ఈజిప్టునకును, అటనుండి మన దేశమునకును వచ్చి, 1884లో కలకత్తాలో ఆ క్రిమిని రోగులయందును, చెఱువు నీటియందును కనుగొనెను.

కీర్తి శిఖరమున నున్న కాక్‌నకు 1890లో ఒక పరాభవము సంభవించెను. క్షయక్రిముల నుండి తీసిన ట్యూబర్క్యులిన్ అను ద్రవమును అతడు క్షయకు మందుగా ప్రకటించెను. వేలకొలది రోగులు ఆశతో బెర్లినుకు పరుగిడిరి. కాని ఆ మందు వారిని బ్రతికింపలేదు. కొందఱికి కీడే చేసెను. లోకము అతనిని నిందించెను. అయితే మనుష్యులకు మందు కాలేని ఆ ద్రవమే పశువులకు పరీక్షగా ఉపయోగపడెను. క్షయ గల ఆవునకు దానిని ఎక్కించినచో జ్వరము వచ్చును. ఆరోగ్యము గల ఆవునకు రాదు. పైకి పుష్టిగా కనబడుచు లోలోపల రోగము మోయు పాడిఆవును గుర్తించుటకు ఇంతకంటె మంచి మార్గము నాడు లేదు. డెన్మార్కులో బాంగ్ అను పశువైద్యుడు దీని సహాయముతో రోగపు ఆవులను మంచి ఆవుల నుండి వేఱుచేసి మందలను రక్షించెను.

ఇంతలో ముసరవ్యాధి ఆఫ్రికా ఖండమును దహించుచు దక్షిణమునకు దిగెను. అది సోకిన చోట నూటికి ఎనుబది, తొంబది పశువులు చచ్చెను. వానిని నమ్ముకొనిన ప్రజలు ఆకలితో అలమటించిరి. 1896 చివర కాక్ కింబర్లీ నగరమునకు పోయి పరిశోధన ప్రారంభించెను. కొలది మాసములలోనే, ఆ వ్యాధితో చచ్చిన పశువు పైత్యరసమును ఆరోగ్యము గల పశువు చర్మముక్రింద ఎక్కించినచో అది వ్యాధిని తట్టుకొనునని చూపెను. ఈ పద్ధతి నిర్దుష్టము కాదు. కొన్ని పశువులకు దీనివలననే ఇతర రోగములు సోకెను. అయినను నాడు అది మునుగువానికి దొరకిన తెప్పయైనది. 1897లో కాక్ ప్లేగు పరిశీలనకై బొంబాయి వచ్చినప్పుడు హిమాలయములలోని ముక్తేశ్వరము నందలి పశురోగ పరిశోధనశాలను సందర్శించెను. 1889లో పూనాలో స్థాపింపబడి తరువాత ముక్తేశ్వరమునకు మార్పబడిన ఆ సంస్థయే మన పశువైద్య పరిశోధనకు పుట్టినిల్లు.

మహనీయులును పొరబడుదురు. 1901లో లండను మహాసభయందు, పశువుల క్షయ మనుష్యులకు సోకుట మిక్కిలి అరుదనియు, పాలవిషయమున ప్రత్యేకమైన జాగ్రత్త అనవసరమనియు కాక్ ప్రకటించెను. అతని మాటకు ఎదురాడుట ఎవరికి సాధ్యము? అయినను లిస్టరు మున్నగు పెద్దలు ఆ సభలోనే సందేహము వెలిబుచ్చిరి. బ్రిటిషు ప్రభుత్వమువారు ఒక సంఘమును నియమించిరి. ఆ సంఘము పదేండ్లు పరిశోధించి, రోగపు ఆవుల పాలవలన మనుష్యులకు, విశేషించి పసిబిడ్డలకు, క్షయ సోకునని 1911లో తేల్చి చెప్పెను. కాక్ మాట నమ్మి ఊరకున్నచో ఎందఱు శిశువులు బలియై యుందురో! అతనిని ఖండించుటకు ఆ సంఘము ఉపయోగించినది అతడు నేర్పిన పద్ధతులనే. క్రిమిని వేఱుచేయుట, పెంచుట, ప్రాణికి ఎక్కించి చూచుట, మరల వెలికితీయుట—ఇదియే కాక్ మార్గము. గురువు మాటకంటె గురువు నేర్పిన సత్యమార్గము గొప్పదని శాస్త్రము నిరూపించెను.

క్షయ పరిశోధనలకుగాను 1905లో కాక్‌నకు నోబెలు బహుమానము లభించెను. 1910 మే 27వ తేదీన బాడెన్ బాడెన్ నగరమున అతడు పరమపదించెను.

అతడు చూపిన త్రోవ ఆగలేదు. 1920వ దశకము చివర ముక్తేశ్వరమున ఎడ్వర్డ్సు అను శాస్త్రజ్ఞుడు ముసరవ్యాధి విషమును మేకలలో పలుమార్లు పెంచి బలహీనపఱచి చౌకయైన టీకాను తయారుచేసెను. 1954 నుండి దేశమంతట ఈ వ్యాధినిర్మూలనకు ఉద్యమము సాగెను. మన దేశమున ఆ వ్యాధి చివరిసారిగా 1995లో కనబడెను. అది భూమండలము నుండియే తొలగినదని 2011లో ప్రకటింపబడెను. నెల్లూరు తీరమున నేటి రైతు ముసరవ్యాధి పేరు పెద్దలనోట వినవలసినదే గాని కంట చూడనక్కఱలేదు. దొమ్మరోగమునకు టీకా కలదు. పాలు కాచి త్రాగు మన యింటి ఆచారము ఎంత మేలైనదో శాస్త్రము కూడ చెప్పుచున్నది.

ప్రయోగశాల లేదని కాక్ వగచి యూరకుండలేదు. తెరవెనుక గదిలోనే పని చేసెను. కన్నులతో చూచినదానినైనను మరల మరల పరీక్షించిన తరువాతనే నమ్మెను. అట్లు పరీక్షించినంతకాలము అతడు జయించెను, తొందరపడినప్పుడు ఓడెను. నోరులేని పశువుల బాధను తీర్చుట వానిని నమ్ముకొనిన మానవుల బాధను తీర్చుటయే. ఈ సంగతిని ఆయన జీవితము మనకు బోధించుచున్నది.